కింది వాటా

నిజామాబాద్,
14 ఏప్రిల్ 2024

సుకన్యక్కకు,

ఇక్కడ మేమందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. నిజానికి నేను క్షేమంగా లేను. కింది వాటా వాళ్ళు ఖాళీ చెయ్యలేదు.

పదకొండు నెలల అగ్రిమెంటు మార్చి ఆఖరుకు ముగిసింది. ఏప్రిల్ ఒకటిన స్నానం చేసి, కొత్తగా కొన్న తాళం కప్ప చేతిలో పట్టుకుని కిందికి దిగాను. చూద్దును కదా, సిద్దిరాములు బనీనుతో కూర్చుని తీరిగ్గా రొట్టె తింటున్నాడు. వాడి పెళ్ళాం లత బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఒక్క గిన్నె కూడా మూట కట్టలేదు. ఏమిటయ్యా ఇది అని అడిగితే, "సార్, జెర టైమియ్యుండ్రి, ఇల్లు దొరుకుతలేదు" అన్నాడు. నిజామాబాద్‌లో ఇల్లు దొరకడం లేదట! మా గల్లీలోనే గేటు గేటుకూ టులెట్ బోర్డులు ఊగుతున్నాయి.

బస్సు కండక్టరుకు ఇల్లు ఇచ్చిన నాదే బుద్ధి తక్కువ. ఆ మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. పెళ్ళాన్ని ఉప్పు అడిగినా "ఎడపల్లి, ఎడపల్లి దిగుండ్రి" అని అరిచినట్టే ఉంటుంది. మార్కెట్ యార్డులో పనిచేసిన రోజుల్లో పసుపు కొమ్ము విరిచి, ఆ చప్పుడును బట్టి సరుకు ఎంత ఎండిందో చెప్పేవాణ్ణి. ఒక్క వ్యాపారి నన్ను మోసం చెయ్యలేకపోయాడు. చివరికి ఈ టికెట్లు కొట్టేవాడు చేశాడు.

ఇదంతా నాకోసమా? నీకోసం. బావ పోయాక ఆ మూతపడ్డ మిల్లు క్వార్టర్లో ఒక్కదానివే ఎందుకు? మిల్లు కొన్నవాళ్ళు ఎలాగూ ఖాళీ చెయ్యమన్నారు. కింది వాటా నీది. తమ్ముణ్ణి, నీ దగ్గర కిరాయి తీసుకుంటానా? పోయిన నెల ఇదే మాట రాస్తే "తొందరేముంది" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నీ మొహమాటం నాకు తెలియదా?

ఈ ఉత్తరం కూడా వాడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. నీకు చెవులు వినపడవు, ఫోను దండగ. పోస్టు మీద నాకు నమ్మకం లేదు. వాడిది ఎలాగూ బోధన్ బస్సు, మీ క్వార్టర్లు రోడ్డు పక్కనే. వెళ్ళగొట్టే మనిషితోనే ఆ సంగతి పంపిస్తారా అని నీ మరదలు సౌందర్య నవ్వింది. నవ్వడానికేముంది? కవరు అంటించడం కూడా దండగే. టికెట్టు మీద ఊరి పేరు తప్ప వాడు ఇంకేం చదువుతాడు?

జవాబు వాడికే ఇవ్వు. లోపలికి మాత్రం రానియ్యకు. నేను గేటు బయటే నిలబెడతాను.

నీ తమ్ముడు,
రామ్‌దాస్


మిల్లు క్వార్టర్లు, బోధన్,
18 ఏప్రిల్ 2024

తమ్ముడు రామ్‌దాస్‌కు దీవెనలు.

ఉత్తరం అందింది. సిద్దిరాములు ఎండన పడి వచ్చాడు, మజ్జిగ ఇచ్చాను. మజ్జిగ తాగడానికి మనిషి కూర్చోవాలి కాబట్టి లోపల కూర్చోబెట్టాను. నీకు కోపం వస్తే రానీ.

నాకు నీ దగ్గర మొహమాటం ఏమీ లేదు. తొందర లేదంటే లేదనే. నువ్వు పుట్టినప్పుడు నీ ఒంటికి నలుగు పెట్టినదాన్ని, నీ దగ్గర మొహమాటపడతానా?

మిల్లువాళ్ళు నిన్న రెండోసారి తలుపుకు కాగితం అంటించారు. గోధుమపిండి జిగురుతో అంటించినట్టున్నారు, పొద్దుటికి మేక వచ్చి సగం తినేసింది. మిగిలిన సగంలో "గడువు ముగిసినందున" అన్న మాట మాత్రం స్పష్టంగా ఉంది. నేను కూడా గడువు దాటి కూర్చున్నదాన్నే తమ్ముడూ. నీకు ఇది తట్టలేదా?

పక్క క్వార్టరు అజీజా వాళ్ళు బోధన్ ఊళ్ళో కట్టుకున్న సొంత ఇంటికి సామాను చేరవేస్తున్నారు. అజీజా భర్త, మిల్లులో మీ బావకు ఫిట్టరుగా తోడున్న అయ్యూబ్ గుర్తున్నాడు కదా, ఆ ఇంటి మీద ఇంకో వాటా లేపుతున్నాడు. ఇసుక దొరకక పని ఆగింది. ఇంతకాలం గోడ అవతల అజీజా దగ్గితే చెవిటిదాన్నయినా నాకు తెలిసిపోయేది. ఇప్పుడు ఆ గోడ ఊరికే ఉంది.

నీ అగ్రిమెంటులో ఏమేం రాయించావో ఒకసారి వివరంగా రాయి. తెలుసుకోవాలని ఉంది.

అక్క,
సుకన్య


నిజామాబాద్,
12 మే 2024

అక్కా,

అగ్రిమెంటు సంగతి అడిగావు చూడు, అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. చదువుకున్నదానివి, బాల్వాడి నడిపినదానివి. వీళ్ళు ఎక్కడ దొరుకుతారో కనిపెడతావని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, గోడకు మేకు కొట్టరాదు. ఆ మాట కింద గీత కూడా గీయించాను. వీళ్ళు ఎంత గడుసువాళ్ళంటే, గడియారాన్ని కిటికీ ఊచకు దారంతో కట్టుకున్నారు. క్యాలెండరు బీరువా పిడికి వేలాడుతోంది. సంతలో దుకాణంలా ఉంది ఇల్లు. కానీ మేకు మాత్రం లేదు, పట్టుకోవడానికి వీల్లేదు. ఇంకా, రాత్రి పది దాటితే గేటు తియ్యబడదు. రోకలి పోటు వెయ్యరాదు. డాబా మీద వడియాలు ఎండబెట్టరాదు. చుట్టాలు మూడు రోజులకు మించి ఉండరాదు.

ఈ చివరిదాని దగ్గర దొరికారు! సిద్దిరాములు తల్లి హన్మవ్వ మెండోర నుంచి దిగి వారం దాటింది. ఆ ముసలమ్మ కోడికంటే ముందే లేచి నా గేటు ముందు సాంపి చల్లుతుంది. ఎవరు అడిగారు? పేడ వాసనకు నాకు కాఫీ దిగడం లేదు. మెట్ల మీద నిలబడి, మూడు రోజులు ఎప్పుడో అయిపోయాయి, ఎప్పుడు పోతావు అని అడిగాను. కొంగు నడుముకు దోపి, "అయ్యా, కోడలు నీళ్లోసుకున్నది. తల్లి లేని పిల్ల. నేను రాకుంటె ఎవరస్తరు?" అంది. ఆ మాటకు జవాబు చెప్పడం నా పనా? తల్లి లేని పిల్లను నేను తెచ్చానా?

నిన్నటి నుంచి మోటరు ఒక్క పూటే వేస్తున్నాను. నీళ్ళు తగ్గితే వాళ్ళే కదులుతారు. ఏదైనా అడగడానికి సిద్దిరాములు పైకి వస్తే కూర్చోమనను. ఓనరు ముందు కిరాయిదారు కుర్చీలో కూర్చున్నాడంటే ఇక వాడు లేవడు.

నువ్వు వచ్చాక ఈ రూల్సు ఏవీ నీకు వర్తించవు. మేకు మాత్రం వద్దు, కొత్త రంగు వేయించాను. బావ ఫోటో టేబుల్ మీద పెట్టుకోవచ్చు. అజీజా వాళ్ళు మాటిమాటికీ వచ్చిపోతే గల్లీలో నలుగురూ నాలుగు అనుకుంటారు, ఆ సంగతి కొంచెం చూసుకో. వంట విడిగా చేసుకుంటానంటే సరే, కానీ చేపలు వద్దు. అంతే. మిగతాదంతా నీ ఇల్లే.

రామ్‌దాస్


మిల్లు క్వార్టర్లు, బోధన్,
20 మే 2024

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వు వచ్చింది. రెండోసారి రాలేదు.

ముందు మోటరు సంగతి. కడుపుతో ఉన్న పిల్ల ఉన్న ఇంట్లో నీళ్ళు కట్టేసిన మనిషిని మన అమ్మ అయితే ఏమనేదో గుర్తు చేసుకో. రాయడం నా వల్ల కాదు. కడుపుతో ఉన్నదాన్ని ఇల్లు కదిలించకూడదని కూడా అమ్మే అనేది. మన చిన్నమ్మ కడుపుతో ఉన్నప్పుడు వాళ్ళను ఇంటి ఓనరు తరిమితే, అమ్మ వెళ్ళి ఆయన వాకిట్లో చాప పరుచుకుని కూర్చుంది. మరిచిపోయావా? కాన్పు అయ్యేదాకా వాళ్ళ జోలికి పోకు. ఇది నీ అక్క మాట.

మీ బావ ఫోటో టేబుల్ మీద నిలబడదు. మిల్లులో సన్మానం చేసినప్పుడు ఇచ్చిన పెద్ద పటం అది, వెనక కాలు లేదు. గోడకే ఉండాలి.

అయ్యూబ్‌కు ఇసుక దొరికింది. స్లాబు వేశారు. నీళ్ళు నిలబెట్టి నానబెడుతున్నారు. అజీజా నన్ను ఆటోలో తీసుకెళ్ళి చూపించింది. అక్కడి నుంచి చూస్తే మన మిల్లు పొగగొట్టం కనపడుతుంది. పొగ లేదు కానీ గొట్టం ఉంది.

ఎండలు జాస్తిగా ఉన్నాయి. తలకు రుమాలు కట్టుకుని తిరుగు.

సుకన్య


నిజామాబాద్,
23 జూన్ 2024

అక్కా,

ఒక వింత సంగతి రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చాక కూడా నేను ఊరుకోలేదు. లింబయ్యను పెద్దమనిషిగా పిలిచి పంచాయితీ పెట్టాను. ఆయన గల్లీలో అందరి తగాదాలూ తీరుస్తాడు. సిద్దిరాములు చేతులు కట్టుకుని నిలబడి ఏమన్నాడో తెలుసా? "కడుపుతోని ఉన్నదాన్ని ఇల్లు కదిలియ్యద్దంటరు సార్. కాన్పు అయ్యేదాంక ఉండనియ్యుండ్రి." నీ మాటే, పొల్లు పోకుండా! నువ్వు పెద్ద మనసుతో నాకు రాసిన మాట, వీడు తెలివితో నా మీదికి విసిరాడు. లోకంలో మంచి మాటలన్నీ ఇలాంటివాళ్ళ చేతిలో పడితే అంతే.

ఇక లింబయ్య. హన్మవ్వ సర్వపిండి చేసి పెట్టింది. నా ఇంట్లో, నేను పెట్టిన పంచాయితీకి, నేను పిలిపించిన పెద్దమనిషికి! తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. వేళ్ళు నాక్కుంటూ, "రామ్‌దాసూ, పురిటి పిల్లను బజార్ల నిలవెడ్తవా? మంచిగుండదు" అని తీర్పు చెప్పి తువాలు దులుపుకుని పోయాడు. సర్వపిండి ముక్కకు అమ్ముడుపోయే పెద్దమనిషిని ఇక్కడే చూశాను. నాకూ ఒక ముక్క పెట్టింది. తిన్నాను. దాని రుచి గురించి రాయదలచుకోలేదు.

వకీలును కలిశాను. కేసు వేస్తే ఏళ్ళు పడుతుందన్నాడు. వకీలు బల్ల మీద దుమ్ము చూస్తే వేసినవాళ్ళు ఎవరూ బతికి బయటపడలేదనిపించింది. మోటరు మళ్ళీ రెండు పూటలా వేస్తున్నాను. నీ మాట మీద కాదు, సౌందర్య నాకు చాయ్ ఇవ్వడం మానేసింది కాబట్టి.

ఆషాఢం రాకముందే నిన్ను తెచ్చుకుందామని ఎంత అనుకున్నాను! నువ్వు అక్కడ కుమిలిపోతుంటావు. నాకు తెలుసు.

నీ తమ్ముడు


మిల్లు క్వార్టర్లు, బోధన్,
10 జూలై 2024

రామ్‌దాస్‌కు,

నేను కుమిలిపోవడం లేదు. నిన్న గోంగూర పచ్చడి పట్టాను, కొంచెం సీసాలో పెట్టి సిద్దిరాములుకు ఇచ్చాను. మీకు సగం, లతకు సగం. లతకు నోటికి రుచి లేదట. పంచే పని సౌందర్యకు అప్పగించు, నువ్వు చెయ్యకు.

ఆషాఢం వచ్చింది. ఇప్పుడు ఎవరూ ఇల్లు మారరు. నేను రాను. ముందే చెప్తున్నాను, తర్వాత నువ్వు నొచ్చుకుంటే నాకు బాధ. నేను రాను తమ్ముడూ. కింది వాటాను నాకోసం ఖాళీ చేయించకు.

అయ్యూబ్ ఇంటి మీది వాటా గోడలకు ప్లాస్టరింగ్ అయింది. మెట్లు బయటి నుంచి పెట్టించాడు. కింద వాళ్ళను దాటిపోకుండా ఎక్కొచ్చు, దిగొచ్చు. మెట్లకు పట్టుకునే కమ్మీ కూడా వెయ్యమన్నాను, వేస్తానన్నాడు.

సుకన్య


నిజామాబాద్,
28 ఆగస్టు 2024

అక్కా,

ఆషాఢంలో రానన్నావు, సరే. శ్రావణం కూడా దాటిపోతోంది. కింది వాటా ఇంకా వాళ్ళ కిందే ఉంది.

ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చారు. ఇప్పుడేమో పురుడు, ఆ తర్వాత తొట్టెల, ఆ తర్వాత ఇంకేదో ఉంటుంది. వీళ్ళకు సాకులు పుట్టినంత సులువుగా మనకు కోపం కూడా పుట్టదు. ఆ పిల్ల గొంతు అచ్చం తండ్రి గొంతే. ఏడిస్తే బోధన్ దాకా టికెట్టు కొట్టించుకోవాలనిపిస్తుంది. సౌందర్య పొద్దున లేస్తే కిందనే. నూనె రాస్తానంటుంది, స్నానం పోస్తానంటుంది. ఇంటి ఓనరు భార్య కిరాయిదారు బిడ్డకు కాళ్ళ మీద నీళ్ళు పోయడం ఈ గల్లీలో ఎవరైనా విన్నారా?

ఇక నేను ఎవరి మాటా వినను. దసరా నాడు పొద్దున డీసీఎం వ్యాను తీసుకుని బోధన్ వస్తున్నాను. సామాను కట్టి ఉంచు. ఆ పాత మంచం, కుండలు, పనికిరానివన్నీ అక్కడే వదిలెయ్. మా అక్క సామానుతో గేటు ముందు నిలబడితే వాళ్ళు ఎట్లా ఖాళీ చెయ్యరో చూస్తాను. నిన్ను అడగడం లేదు, చెప్తున్నాను. బావ పోయినప్పుడు ఆయన బట్టలన్నీ మూట కట్టి ఇచ్చేశాను కదా, అప్పుడూ నిన్ను అడగలేదు. అడిగితే నువ్వు వద్దంటావు. నీ మంచి నీకు తెలియదు.

సిద్దిరాములుకు కూడా చెప్పాను, దసరాకు మా అక్క వస్తోంది, నువ్వు పో అని. తల వంచుకుని నవ్వినట్టు అనిపించింది. గతి లేనివాడి నవ్వు.

రామ్‌దాస్


మిల్లు క్వార్టర్లు, బోధన్,
15 సెప్టెంబరు 2024

తమ్ముడూ,

వ్యాను తీసుకురాకు. దసరాకు నేను ఇక్కడ ఉండను.

ఇది కోపంతో రాయడం లేదు. కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, నిమ్మళంగా రాస్తున్నాను. నువ్వూ అలాగే చదువు.

సిద్దిరాములు గడువు రోజునే ఖాళీ చేస్తానన్నాడు. డిచ్‌పల్లిలో ఇల్లు కూడా చూసుకున్నాడు. మార్చిలో నీ ఉత్తరం ఇవ్వడానికి వచ్చినప్పుడు నాతో చెప్పాడు. వద్దు, ఇంకొన్ని నెలలు కదలకండి అని నేనే ఆపాను. "గట్లెట్ల అమ్మా, సారు ఊకుంటడా?" అన్నాడు. ఊరుకోడు, తిడతాడు, నాకోసం పడండి అని అడిగాను. లతను అడిగి వచ్చి చెప్పాడు, "తిట్లకేముందమ్మా, బస్సుల రోజు తినేటియే" అని. ఆ రోజు నుంచి నీ ఇంట్లో వాళ్ళు ఉన్నది నా మాట మీద. కాన్పు మాట కూడా నేను నేర్పిందే. పొల్లు పోలేదన్నావు కదా, మంచి శిష్యుడు.

ఎందుకంటావా? వాళ్ళు కదిలితే మరునాడే నువ్వు వ్యాను వేసుకుని వచ్చి నన్ను ఎక్కిస్తావు. నేను వద్దని ఎన్నిసార్లు రాశాను? ఒకసారి మొహమాటం అన్నావు, ఒకసారి ఆషాఢం అన్నావు. వద్దంటే వద్దనే అర్థం నీకు ఎప్పుడూ తట్టలేదు. చేతిలో ఇంకో ఇల్లు లేకుండా గట్టిగా అంటే, ఎక్కడుంటావు అని నవ్వేవాడివి. అందుకే అయ్యూబ్ ఇంటి మీది వాటా తయారయ్యేదాకా ఆగాను. ఇసుక దొరక్క ఆలస్యమైంది, నీ కిరాయిదార్ల తప్పేం లేదు.

నీ ఉత్తరాలు సిద్దిరాములు ఏనాడూ విప్పలేదు. నేనే చదివి వినిపించాను. ఇక్కడ వరండాలో, చాయ్ తాగుతూ. తన గొంతు గురించి నువ్వు రాసినప్పుడల్లా పడీపడీ నవ్వేవాడు. నీకు ఒక సంగతి తెలుసా? గట్టిగా చెప్పమని నేను అడగకుండానే ఈ లోకంలో నాకు వినపడేటట్టు మాట్లాడేది ఆ ఒక్క మనిషే. బస్సులో అరిచి అలవాటైన గొంతు. నువ్వు చెవులు మూసుకున్న ఆ గొంతుతోనే మీ బావ పోయిన తర్వాత మొదటిసారి నాతో ఒకరు ముచ్చట పెట్టారు. తల్లి గురించి రాసినవి మాత్రం అతనికి చదవలేదు. సిగ్గేసింది. అతని ముందు కాదు, నీ అక్కనైనందుకు.

ఆ మేకులు, చుట్టాల మూడు రోజులు, కూర్చోనివ్వని కుర్చీ, పేడ వాసన, ఇవన్నీ చదివేటప్పుడు నేను ఒక పని చేశాను. సిద్దిరాములు పేరు ఉన్నచోట నా పేరు పెట్టుకుని చదివాను. ఎక్కడా అడ్డు తగల్లేదు. బావ ఫోటో టేబుల్ మీద పెట్టుకోమన్నావు. అజీజా రాకపోకలు చూసుకోమన్నావు. చేపలు వద్దన్నావు. నా మంచం పనికిరాదన్నావు. నన్ను ఇంకా తెచ్చుకోకముందే అగ్రిమెంటు రాసేశావు తమ్ముడూ. నీకే తెలియలేదు.

నీ ఇంట్లో కింద ఎవరున్నా కిరాయిదారే. కిరాయి ఇస్తూ ఉన్నవాళ్ళనే అన్ని మాటలు అన్నావు. ఊరికే ఉండేదాన్ని, నన్నేమంటావు? ఒక సంవత్సరం బాగా చూసుకుంటావు. ఆ తర్వాత మెట్ల మీద నిలబడి మోటరు వంక చూస్తావు.

పిల్ల తొట్టెల అయ్యాక వాళ్ళు వెళ్ళిపోతారు. ఇక ఆపను.

అక్క


నిజామాబాద్,
18 సెప్టెంబరు 2024

సుకన్యక్కకు,

ఇది పోస్టులో వేస్తున్నాను. కవరు అంటించాను, రెండుసార్లు.

సొంత తమ్ముడి మీద కండక్టరుతో కుట్ర చేసిన అక్కను నేను కథల్లో కూడా చదవలేదు. నా ఉత్తరాలు చాయ్‌లో ముంచుకుని తిన్నారన్నమాట, ఇద్దరూ కలిసి. నేను మెట్ల మీద నుంచి తిడుతుంటే వాడు తల వంచుకునేది భయంతో అనుకున్నాను. నవ్వు దాచుకోవడానికా!

సొంత తమ్ముడి ఇల్లు ఉండగా ఒకరింట్లో కిరాయికి పోతే నలుగురూ నన్ను ఏమంటారో ఆలోచించావా? వెళ్ళు. అయ్యూబ్ ఎన్నాళ్ళు మంచిగా ఉంటాడో నేనూ చూస్తాను. ఓనరు అంటే ఓనరే. నాకంటే బాగా నీకు తెలియదు.

జవాబు రాయకు.

రామ్‌దాస్


నిజామాబాద్,
20 అక్టోబరు 2024

అక్కా,

జవాబు రాయకు అంటే నిజంగానే రాయలేదు. వద్దంటే వద్దనే అర్థం చేసుకునేది మన ఇంట్లో నువ్వొక్కదానివే.

దసరా తెల్లారి వాళ్ళు పోయారు. పోయేముందు సిద్దిరాములు తాళం చెవి ఇవ్వడానికి పైకి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. "సార్, జెర చూసుకోండ్రి, ఏమన్న కరాబైతే చెప్పుండ్రి" అన్నాడు. చూసుకున్నాను. తిట్టడానికి ఏదైనా దొరుకుతుందని అర్రలన్నీ తిరిగాను. గోడకు మచ్చ లేదు. వంటింటి బండ మీద నూనె జిడ్డు కూడా లేదు, కడిగి ముగ్గు వేసి పోయింది ఆ ముసలమ్మ. ఇల్లు నేను ఇచ్చినప్పటి కంటే శుభ్రంగా ఉంది. అంత కోపం నాకు ఈ ఏడాదిలో రాలేదు.

పిల్లకు తొట్టెల ఎక్కడ కట్టారా అని పైకప్పు చూశాను. కొక్కెం లేదు. అడిగి ఉంటే నేను ఏమనేవాణ్ణో వాళ్ళకు తెలుసు, అడగలేదు. ఇనుప స్టాండు ఎక్కడి నుంచో తెచ్చుకుని దానికి కట్టుకున్నారట. సౌందర్య చెప్పింది. ఆమెకు అన్నీ తెలుసు, నాకే ఏమీ తెలియదు.

టులెట్ బోర్డు పెట్టాను. వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారనుకున్నావు? ఒకడు కుక్కను తెస్తానన్నాడు. ఒకావిడ ట్యూషన్లు చెప్తానంది, అంటే నలభై జతల చెప్పులు. ఒకాయన మర్యాదస్తుడిలా ఉన్నాడని అగ్రిమెంటు చేతికిచ్చాను. గీత గీసిన చోటు దాకా చదివి, మడత పెట్టి, మళ్ళీ వస్తానని పోయాడు. ఇంకా రాలేదు. ఎందుకు రావడం లేదో నాకు అర్థం కావడం లేదని అంటే సౌందర్య, "సొంత అక్కనే రాకపాయె, ఇంకెవరస్తరు?" అంది.

పొద్దున నాలుగు దాటితే మెలకువ వస్తోంది. గేటు ముందు చీపురు చప్పుడు ఉండదు. లేచి ఏం చెయ్యాలో తెలియక కూర్చుంటున్నాను.

నీ ఓనరు ఏమైనా అంటున్నాడా? అంటే రాయి. నేను వచ్చి మాట్లాడతాను.

తమ్ముడు


అయ్యూబ్ గారి మేడ మీద, బోధన్,
12 నవంబరు 2024

తమ్ముడు రామ్‌దాస్‌కు దీవెనలు.

ఈ ఉత్తరం సిద్దిరాములు చేతికే ఇస్తున్నాను. డిచ్‌పల్లిలో ఉంటున్నా డ్యూటీ బోధన్ బస్సే. ఈసారి అతను నీ కిరాయిదారు కాదు, కుర్చీ వెయ్యి. కూర్చుంటే లేవడన్న భయం ఇక నీకు అక్కర్లేదు.

నా పాత మంచం ఇక్కడికి వచ్చింది. మెట్లు తిప్పలేక అయ్యూబ్ కాళ్ళు విప్పి, పైకి తెచ్చి, మళ్ళీ బిగించాడు. ఫిట్టరు కదా, కిర్రుమనే చప్పుడు కూడా పోయిందట. ఆ చప్పుడు నాకు ఎలాగూ వినపడేది కాదు, కానీ పోయిందని చెప్పినప్పుడు సంతోషంగా ఉన్నట్టు నటించాను. నిన్న అజీజా చేపలు వండి పంపింది.

అగ్రిమెంటు రాసుకుందాం అంటే అయ్యూబ్ సిగ్గుపడ్డాడు. అక్కను పిలిచినట్టే పిలిచి, "ఆపా, మనకెందుకు గదంత?" అన్నాడు. నేనే పట్టుబట్టి రాయించాను. అందులో నా పేరు పక్కన కిరాయిదారు అని ఉంది. నీ ఉత్తరాల్లో ఆ మాట ఎంత తిట్టులా ఉండేదో, ఆ కాగితం మీద అంత మర్యాదగా ఉంది. పెళ్ళికి ముందు నాన్న ఇల్లు, ఆ తర్వాత మిల్లువాళ్ళ ఇల్లు. నేను కిరాయి ఇచ్చి నేను ఉంటున్న ఇల్లు ఇదొక్కటే.

ఓనరు ఏమంటున్నాడని అడిగావు. దిగిన రోజు, గోడకు మేకు కొట్టుకోవచ్చా అని అడిగాను. గోడ వంక ఒకసారి చూసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కొత్త గోడ, ఇంకా రంగు కూడా పూర్తిగా ఆరలేదు. నొచ్చుకున్నాడేమో, నీ మాటే నిజమైందేమో అని కూర్చున్నాను. కాసేపటికి సుత్తి పట్టుకుని పైకి వచ్చాడు. "ఎక్కడ కొట్టాలె ఆపా?" అని అడిగాడు.

మీ బావ పటం తూర్పు గోడకు ఉంది. వచ్చి చూడు. నాలుగో రోజు కూడా ఎప్పుడు పోతావని ఇక్కడ ఎవరూ అడగరు.

అక్క,
సుకన్య